రెండేళ్ల అకామా, ఇరవై కిలోల బొమ్మ

ఈ సంక్రాంతికి సాల్మియాలోని మా ఫ్లాట్‌లో బొమ్మల కొలువు పెట్టాం. ఐదు మెట్లు. పైమెట్టు మీద కొండపల్లి దశావతారాలు, వాటి కింద అంబారీ ఏనుగు, ఎడ్లబండి, ఏటికొప్పాక లక్క బొమ్మలు. అన్నీ ఏటా ఊరి నుంచి వచ్చేటప్పుడు చీర మడతల్లో చుట్టి సూట్‌కేసులో తెచ్చుకున్నవే. మెట్ల పక్కన నేల మీద మా పెద్దోడి బొమ్మ ఒకటి నిలబెట్టాం. దాన్ని మెట్టు మీద పెడితే మెట్టు ఆగదు, బరువు ఇరవై కిలోలు. 'గాడ్ ఆఫ్ వార్' అనే వీడియో గేమ్‌లోని క్రేటోస్. బూడిద రంగు ఒళ్లు, దాని మీద ఎర్రటి చార, గుబురు గడ్డం, చేతిలో గొడ్డలి, మొహంలో ఆరని కోపం.

విజిట్ వీసా మీద వచ్చిన మా అమ్మ దాని ముందు నిలబడి కాసేపు చూసింది. "ఎవుర్రా నాయనా ఈయన? మన వీరభద్రస్వామా?" అంది. మాది రాయచోటి. వీరభద్రుడి గుడి నీడలో పుట్టి పెరిగిన మనిషికి ఆ అనుమానం రావడంలో వింతేమీ లేదు. దక్షయజ్ఞాన్ని ధ్వంసం చేసిన ఆయనకూ, గ్రీకు దేవతల్ని వరసబెట్టి చంపిన ఇతనికీ పోలిక కష్టపడి వెతకాల్సిన పనీ లేదు. అమ్మ తల మీద చేమంతి పువ్వు పెట్టబోతే మావాడు అడ్డం పడ్డాడు. "నానమ్మా, పెయింట్ పోతుంది!" అని. ఆమె పువ్వు కాళ్ల దగ్గర నేల మీద పెట్టి ఊరుకుంది.

దాని ఖరీదు మాత్రం ఆమెకు చెప్పలేదు. రవాణా ఖర్చుతో కలిపి 340 దీనార్లు. మన లెక్కలో లక్ష రూపాయలకు కాస్త తక్కువ.

రెజిన్‌తో పోతపోసి, చేత్తో రంగులు వేసి, 'ప్రపంచం మొత్తం మీద ఇన్నే' అని నంబరు వేసి అమ్మే ఈ సినిమా, గేమ్ బొమ్మల సరదా గల్ఫ్‌లో మన పిల్లల్లోకి కూడా బాగా పాకింది. హవల్లీలోని రెహాబ్ కాంప్లెక్స్‌లో గేమ్ దుకాణాల చుట్టూ తిరిగే కుర్రాళ్లలో మన పిల్లలు ఎప్పుడూ కనిపిస్తారు. కొన్నేళ్ల క్రితం ఈ దేశంలో బొమ్మ అంటే మతం వైపు నుంచి ఏం వస్తుందోనని భయపడేవాళ్లం. నా అంచనా ప్రకారం ఆ భయం చాలావరకు తగ్గింది. దాని బదులు ఇప్పుడు డబ్బు, ఎండ, అకామా అనే మూడు వైపుల నుంచి నష్టం పొంచి ఉంది. దీన్ని మాత్రం మన ఇళ్లలో ఎవరూ కూర్చుని లెక్క వేస్తున్నట్టు లేదు. నేను కూడా దెబ్బ తిన్నాకే వేశాను.

ముందు పాత భయం సంగతి.

తెలుగులో మనకు 'బొమ్మ' అని ఒకే మాట ఉంది. పాప ఆడుకునేదీ బొమ్మే, గోడ మీద గీసిందీ బొమ్మే, థియేటర్‌లో ఆడేదీ బొమ్మే, గుడి గోపురం మీద ఉండేదీ బొమ్మే. అరబ్బీలో ఆ సౌలభ్యం లేదు. ఆట వస్తువు 'లుబా', పాపాయి బొమ్మ 'దుమియా', శిల్పం 'తింసాల్', పూజించే విగ్రహం 'సనమ్'. ఒకే వస్తువుకు ఈ నాలుగింటిలో ఏ పేరు పెడతారన్న దాన్ని బట్టి ఇక్కడ దాని తలరాత మారిపోతుంది. 2018 సెప్టెంబరులో జరిగింది అదే. మనుషుల్ని స్కాన్ చేసి త్రీడీ ప్రింటర్‌తో వాళ్ల చిన్న ప్రతిమలు చేసిచ్చే దుకాణం ఒకటి కువైట్‌లో నడిచేది. పెళ్లి జంటలు, పుట్టినరోజు పిల్లలు సరదాకి చేయించుకునేవారు. ఇవి సనమ్‌లు అని మతవాదులు అభ్యంతరం చెప్పడంతో అధికారులు దాన్ని మూసేశారు. దాని మీద కువైటీలే సోషల్ మీడియాలో తెగ నవ్వుకున్నారు.

అవే రోజుల్లో పుస్తకాల గొడవ కూడా నడుస్తోంది. 2014 నుంచి 4,390 పుస్తకాలను నిషేధించామని సమాచార శాఖే ఒప్పుకుంది. 2021లో ఒక మాల్‌లోని దుకాణం నుంచి గ్రీకు దేవత ఆఫ్రొడైటీ బొమ్మను తీయించారు, ఒక పౌరుడి ఫిర్యాదు మీద. 2023 ఆగస్టులో 'బార్బీ' సినిమాను ఆపేశారు. బొమ్మ మీద తీసిన బొమ్మ ఆడలేదన్నమాట.

ఇవి చదివి కువైట్ ఎప్పుడూ ఇంతే అనుకుంటే పొరపాటు. ఇదే దేశంలో నయీఫ్ అల్ ముతవా 2006లో 'ది 99' అనే సూపర్ హీరోల కామిక్ మొదలుపెట్టారు. 2009లో జహ్రాలో ఆ పేరుతో ఒక థీమ్ పార్కు కూడా తెరిచారు. ఫైలకా ద్వీపంలో అలెగ్జాండర్ తర్వాతి గ్రీకులు ఊరు కట్టుకుని, దానికి ఇకారోస్ అని పేరు పెట్టుకున్నారు. 1958 నుంచి డెన్మార్క్ పరిశోధకులు తవ్వితే గ్రీకు ముఖాల మట్టి బొమ్మలు బయటపడ్డాయి. అంతకంటే పాతది 2024లో ఉత్తరాన సుబియా ఎడారిలోని బహ్రా 1 అనే చోట దొరికింది. కువైట్, పోలండ్ బృందం బయటికి తీసిన ఆ మట్టి తల వయసు 7,000 ఏళ్లకు అటూఇటూ. సన్నటి వాలు కళ్లు, చదును ముక్కు, వెనక్కి సాగిన పుర్రె. మావాడికి ఫొటో చూపిస్తే "ఇది ఏ గేమ్‌లోది నాన్నా?" అని అడిగాడు.

ఇక భయం ఎందుకు తగ్గిందంటే, 2020లో విదేశీ పుస్తకాల ముందస్తు సెన్సారును పార్లమెంటే సడలించింది. 2024 మేలో అమీర్ ఆ పార్లమెంటును రద్దు చేసి, కొన్ని రాజ్యాంగ అధికరణాలను నాలుగేళ్ల వరకు పక్కన పెట్టారు. అది మంచో చెడో చెప్పడానికి మనం పౌరులం కాము. కానీ దుకాణం అద్దంలో ఏదో బొమ్మ కనిపించిందని ఒక ఎంపీ లేచి మంత్రిని నిలదీసే పద్ధతికి ప్రస్తుతానికి వేదిక లేదు. అంతకంటే పెద్ద కారణం పక్కింట్లో ఉంది. సౌదీలో 2017 ఫిబ్రవరిలో జెడ్డాలో మొదటి కామిక్ కాన్ జరిగింది. 2024లో రియాద్‌లో ఈస్పోర్ట్స్ వరల్డ్ కప్ మొదలైంది. 2025 సెప్టెంబరులో సౌదీ ప్రభుత్వ పెట్టుబడుల నిధి, మరో రెండు సంస్థలు కలిసి అమెరికా గేమింగ్ కంపెనీ ఎలక్ట్రానిక్ ఆర్ట్స్‌ను 5,500 కోట్ల డాలర్లకు కొంటున్నట్టు ప్రకటించాయి. గేమ్ కంపెనీలే కొనుక్కుంటున్న ప్రాంతంలో గేమ్ బొమ్మ గురించి పట్టించుకునే తీరిక ఎవరికి ఉంటుంది? అయినా హాల్లో, గుమ్మానికి ఎదురుగా, కిటికీలోంచి కనిపించేలా పెట్టవద్దనే నేనంటాను. వినాయక చవితికి తలుపు వేసుకుని పూజ చేసుకునే అలవాటు మనకు ఎలాగూ ఉన్నదే.

పేరు పెట్టే తంటా అరబ్బు దేశాలకే పరిమితం కాదు. అమెరికా కస్టమ్స్ ఒకప్పుడు మనిషి రూపం ఉంటే 'డాల్' అని 12 శాతం, మనిషి కాని రూపమైతే 'టాయ్' అని 6.8 శాతం సుంకం వేసేది. ఎక్స్ మెన్ బొమ్మలు తయారుచేసే టాయ్ బిజ్ కంపెనీ ఆ తేడా కోసం కోర్టుకెక్కింది. 2003లో అంతర్జాతీయ వాణిజ్య న్యాయస్థానం జడ్జి జుడిత్ బార్జిలే బొమ్మల్ని ఒక్కొక్కటే పరిశీలించి, ఈ పాత్రలు మనుషులు కారని తీర్పిచ్చారు. తమను మనుషులుగా ఒప్పుకోమని కథంతా పోరాడే పాత్రలవి. సుంకం దగ్గరికొచ్చేసరికి సొంత కంపెనీయే కాదంది. మన దేశంలోనూ ఇలాంటి గీతే ఒకటుంది. ఆట బొమ్మల దిగుమతి సుంకం 2020 బడ్జెట్‌లో 20 నుంచి 60 శాతానికి, 2023లో 70 శాతానికి పెరిగింది. ప్లాస్టిక్‌తో చేసిన అలంకరణ ప్రతిమలది వేరే పద్దు, 3926.40. ఆట బొమ్మలది 9503. హైదరాబాద్‌లో తెప్పించి అమ్మే వ్యాపారికి ఈ రెండు అంకెల మధ్యే లాభనష్టాలుంటాయి. కువైట్‌లో ఆ బాధ లేదు. గల్ఫ్ దేశాల ఉమ్మడి సుంకం 5 శాతం, వ్యాట్ లేదు. అందుకే ఇక్కడ ధర చూసి 'ఇండియాలో కంటే చౌక' అని పిల్లలు మనల్ని ఒప్పిస్తారు.

ఇప్పుడు డబ్బు సంగతికి వస్తాను.

ఈ వ్యాపారంలో పెద్ద పేర్లు కాలిఫోర్నియాలోని సైడ్‌షో, టోక్యోలోని ప్రైమ్ 1 స్టూడియో, బ్రెజిల్‌లోని ఐరన్ స్టూడియోస్, సింగపూర్‌లోని ఎక్స్‌ఎం స్టూడియోస్, గేమ్ పాత్రలకు ఫస్ట్ 4 ఫిగర్స్. పేరు ఏ దేశానిదైనా పోతపోయడం, రంగులు వేయడం ఎక్కువగా చైనా ఫ్యాక్టరీల్లోనే. శిల్పి కంప్యూటర్‌లో మూర్తిని చెక్కుతాడు. త్రీడీ ప్రింట్ తీసి నమూనా చేస్తారు. దాని మీద సిలికాన్ అచ్చు తీసి, పాలీయురెథేన్ రెజిన్‌లో రాతిపొడి కలిపి పోస్తారు. దీన్నే పాలీస్టోన్ అంటారు. సిలికాన్ అచ్చు కొన్ని పదుల పోతలకే అరిగిపోతుంది. అందుకే ఇవి లక్షల్లో తయారుకావు. అసలు మనిషి సైజులో ఆరో వంతు, నాలుగో వంతు, మూడో వంతు అని కొలతలు. నాలుగో వంతు బొమ్మ వెయ్యి డాలర్లు దాటడం మామూలే.

కొనే పద్ధతిలోనే మెలిక ఉంది. నమూనా ఫొటో చూపించి ముందే బుకింగ్ తీసుకుంటారు. అడ్వాన్సు కట్టాలి, మనసు మారితే అది తిరిగి రాదు. బొమ్మ చేతికి రావడానికి ఏడాది నుంచి రెండేళ్లు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ. వచ్చినప్పుడు రంగు ఫొటోలో ఉన్నట్టే ఉంటుందన్న హామీ లేదు. నేను రోజూ సాఫ్ట్‌వేర్ ప్రాజెక్టుల్లో గడువులు జారిపోవడం చూసేవాణ్నే. అయినా బొమ్మ దగ్గర బుద్ధి పనిచేయలేదు. మావాడి మొదటి ఆర్డరు క్రేటోస్ కాదు, వేరే పాత్ర. ఇక్కడి ఒక చిన్న డీలరుకు 120 దీనార్లు నగదు కట్టాం. పద్నాలుగు నెలలు 'ఇదిగో, అదిగో' అన్నాడు. తర్వాత షట్టరు దించేశాడు. రసీదు మీద ఫోన్ నంబరు తప్ప ఏమీ లేదు. తప్పు నాదే. కార్డు మీద కట్టి ఉంటే బ్యాంకులో అభ్యంతరం పెట్టడానికైనా అవకాశం ఉండేది. పేరు, చిరునామా, వాణిజ్య లైసెన్సు నంబరు ఉన్న ఇన్‌వాయిస్ అడిగి ఉంటే ఫిర్యాదు చేయడానికి ఒక కాగితం ఉండేది.

'పెట్టుబడి నాన్నా, ఎడిషన్ అయిపోతే ధర రెట్టింపవుతుంది' అని పిల్లలంటారు. కొన్ని పెరుగుతాయి, నిజమే. 2025 జూన్‌లో బీజింగ్ వేలంలో మనిషంత ఎత్తు లబూబు బొమ్మ ఒకటి 10.8 లక్షల యువాన్లు పలికింది. అలాంటి వార్తలే మన పిల్లల చెవిన పడతాయి. పెరగనివి వార్తల్లోకి రావు. పైగా అదే ఏడాది ఏప్రిల్‌లో చైనా సరుకు మీద అమెరికా సుంకాలు 145 శాతం దాకా పోయి, మే నెలలో తగ్గాయి. ఆగస్టు 29 నుంచి 800 డాలర్లలోపు చిన్న పార్సిళ్లకు ఉన్న మినహాయింపు అన్ని దేశాలకూ పోయింది. ఈ బొమ్మలకు అతిపెద్ద బజారు అమెరికా. అక్కడ కొనేవాడు వెనక్కి తగ్గితే ఎక్కడో కువైట్‌లో మావాడి అల్మరాలో ఉన్న బొమ్మ 'రేటు' ఎవరు నిర్ణయిస్తారు? ఇక నకళ్లు వేరే గోల. అసలు బొమ్మ మీద నుంచే మళ్లీ అచ్చు తీసి పోసేవాటిని 'రీకాస్ట్' అంటారు. ఫొటోలో తేడా తెలియదు, ధర మూడో వంతు ఉంటుంది.

నకలు అంటే గుర్తొచ్చింది. 2023 సెప్టెంబరులో మైసూరులోని ఒక మ్యూజియంలో బాహుబలి వేషంలో ప్రభాస్ మైనపు బొమ్మ ఫొటో బయటికొచ్చింది. ప్రభాస్‌కు, దానికి పోలికే లేదని అభిమానులు గొడవచేశారు. అది తమ అనుమతి లేకుండా చేసిందని, తొలగించేలా చర్యలు తీసుకుంటామని నిర్మాత శోభు యార్లగడ్డ ప్రకటించారు. 2017లో బ్యాంకాక్ మేడమ్ టుస్సాడ్స్‌లో పెట్టిన బాహుబలి బొమ్మకు ఉన్న హక్కుల కాగితం దీనికి లేదు. మన సినిమాలకు ప్రపంచమంతా ప్రేక్షకులున్నారు. కానీ మన పిల్లవాడు కొనుక్కుని అల్మరాలో పెట్టుకోదగ్గ నాణ్యమైన అధికారిక తెలుగు పాత్రల బొమ్మలు వెతికినా సులభంగా దొరకవు. అందుకే వాడి అల్మరాలో గ్రీకు వీరులు, జపాన్ సమురాయ్‌లే ఉంటారు. కొండపల్లి కళాకారుడి చేతికి ఆ లైసెన్సు దొరికితే ఎలా ఉంటుందో అని నాకో ఆశ. తెల్ల పొణికి చెక్కతో చేసిన బాహుబలి బరువు ఎంతుంటుంది? అరచేతిలో పెట్టుకుని విమానం ఎక్కేయొచ్చు.

ఎండ సంగతి చాలామందికి తట్టదు. 2016 జూలై 21న కువైట్‌లోని మిత్రిబాలో 53.9 డిగ్రీలు నమోదైంది. ప్రపంచ వాతావరణ సంస్థ ధ్రువీకరించిన రికార్డది. పోత రెజిన్లు చాలా వాటికి 50, 60 డిగ్రీల దగ్గర బిగువు తగ్గడం మొదలవుతుంది. బండరాయిలా ఉండే మొండెం ఏమీ కాదు. కత్తులు, వేళ్లు, సన్నటి గొలుసులు, ఒంటికాలి మీద నిలబడ్డ మూర్తి చీలమండ మెల్లగా వంగుతాయి. మనం ఏం చేస్తాం? జూలైలో బడి సెలవులివ్వగానే ఫ్లాట్‌కు తాళం వేసి, ఏసీ ఆపేసి, రెండు నెలలు ఊరికి పోతాం. పడమటి గోడ ఉన్న గదిలో ఆ రెండు నెలలు పెనం మీద పెట్టినట్టే. ఏసీ వదిలి వెళ్లినా భరోసా లేదు. 2024 జూన్‌లో లోడు ఎక్కువై కొన్ని ప్రాంతాల్లో వంతులవారీగా కరెంటు తీశారు, 2025 ఏప్రిల్‌లో మళ్లీ తీశారు. విడదీయగల చేతులు, ఆయుధాలు తీసి ఫోమ్ పెట్టెలో పడుకోబెట్టి, కిటికీ లేని లోపలి గదిలో పెట్టి వెళ్లడమే మార్గం. పెట్టె పారేయకూడదన్నమాట. ఆ పెట్టె మా ఫ్లాట్‌లో మంచం కింద సగం చోటు తింటోంది. దాని మీద మా ఆవిడ అభిప్రాయం ఇక్కడ రాయను.

అన్నిటికన్నా పెద్ద లెక్క అకామాది. మావాడు ఇప్పుడు పదకొండో తరగతి. ఇంకో ఏడాదిన్నరలో కాలేజీకి ఇండియాకో ఇంకెక్కడికో వెళ్తాడు. నా ఆర్టికల్ 18 అకామా రెండేళ్లకోసారి కొత్తది వేయిస్తారు. కంపెనీ వద్దంటే అంతే. ఇక్కడ మనకు ఇల్లు కొనుక్కునే వీలు లేదు, ఎన్నేళ్లున్నా అద్దె గోడలే. 2025 జూలై 1 నుంచి ప్రైవేటు ఉద్యోగులం దేశం దాటాలంటే యజమాని నుంచి ఎగ్జిట్ పర్మిట్ తీసుకోవాలి. డిసెంబరు 23 నుంచి ఆరోగ్య బీమా తలకు ఏడాదికి 100 దీనార్లు అయింది. మేం నలుగురం. అంటే ఏటా ఒక క్రేటోస్, చిల్లర మిగులుతో.

తిరిగి వెళ్లే రోజున ఈ బొమ్మను ఎలా తీసుకెళ్లాలి? కొరియర్ వాళ్లు బరువును మాత్రమే చూడరు, పెట్టె పొడవు, వెడల్పు, ఎత్తు సెంటీమీటర్లలో గుణించి 5,000తో భాగిస్తారు. మా పెట్టె 70, 60, 60. లెక్క వేస్తే 50 కిలోలు దాటింది. తూస్తే ఇరవై, కట్టేది యాభైకి. ఓడ కార్గోలో పంపొచ్చు. కానీ ఆ కంటెయినర్ ఎన్ని రోజులు ఏ రేవు ఎండలో నిలబడుతుందో ఎవరూ మాటివ్వరు. అమ్మేద్దామంటే కొనేవాడు 'వెళ్లిపోతున్నారా సార్?' అని మొదటి ప్రశ్న వేస్తాడు. అవునన్నామా, ధర సగం. శుక్రవారం సంతలో నేను స్వయంగా చూశాను. అల్ రాయ్‌లో పాత సోఫాలు, పిల్లల సైకిళ్ల మధ్య గొడ్డలి పోయిన ఒక బొమ్మ, దుమ్ము కొట్టుకుని. 15 దీనార్లు చెప్పాడు. నేను బేరం ఆడకముందే 10 అన్నాడు.

ఇంత రాసి, నవంబరులో జరిగిన ఒక సంగతి రాయకపోతే ఈ లెక్క సగమే అవుతుంది. మా ఊరి వైపు అక్క ఒకామె జాబ్రియాలో ఒక కువైటీ ఇంట్లో పనిచేస్తుంది. ఒక శుక్రవారం పొద్దున ఏడుస్తూ ఫోన్ చేసింది. సేటు కొడుకు గదిలో దుమ్ము తుడుస్తుంటే బొమ్మ చెయ్యి ఊడి కింద పడిందట. "బొమ్మ గదా అనుకుంటి తమ్ముడూ. వంటామె చెప్తాంది, నాలుగువందల దీనార్లంట. నా జీతం నూటిరవై. నేను యాడ తెచ్చేది?" అంది. గృహ కార్మికులకు కువైట్ 2016లో పెట్టిన కనీస జీతం 60 దీనార్లు. 2015 నాటి 68వ నంబరు చట్టం వారానికో సెలవు, ఏడాదికి నెల సెలవు, పని మానేటప్పుడు ఏడాదికి నెల జీతం అని రాసింది. అవన్నీ ఆమెకు చెప్పడానికి అది సమయం కాదు. వాట్సాప్‌లో ఫొటో పంపమన్నాను.

ఫొటో చూసి మావాడు పెద్దది చేసి చూశాడు. "నాన్నా, చెయ్యి విరగలేదు. మణికట్టు దగ్గర అయస్కాంతం ఉంటుంది, అతికించొచ్చు. బొటనవేలు మాత్రం పోయింది" అన్నాడు. ఈ పెద్ద బొమ్మల్లో చేతులు, తలలు విడిగా వస్తాయి, అయస్కాంతాలతో నిలబడతాయి. సాయంత్రం ఆ ఇంటి అబ్బాయితో మావాడే ఫోన్లో మాట్లాడాడు. మొదటి రెండు నిమిషాలు వేలి గురించి, తర్వాత నలభై నిమిషాలు గేమ్ గురించి. ఎపాక్సీ ఏది వాడాలో, అతికించాక ఎన్ని గంటలు కదపకూడదో చెప్పాడు. ఆ అబ్బాయి మంచివాడే. జీతంలో ఏమీ కోయలేదు. ఆ గది ఇక తుడవొద్దని మాత్రం చెప్పాడట. "ఒక గది తగ్గింది తమ్ముడూ" అని ఆమె నవ్వింది. ఆ ఇంట్లో అలాంటి అల్మరాలు ఇంకా మూడున్నాయట. అన్నీ అబ్బాయి గదిలోనే లేవు.

మన ఇళ్లల్లోనూ గంటల లెక్కన పనికి వచ్చే అక్కలు ఉన్నారు. కొలువు ముగించిన రోజు మా ఆవిడ మొదట చేసిన పని క్రేటోస్ చేతిలోంచి గొడ్డలి తీసి పెట్టెలో పెట్టడం. ఆ మూల తుడిచేది మావాడే అని వాడికి చెప్పేసింది.

కొండపల్లి బొమ్మలు ఎప్పటిలాగే పాత చీరలో చుట్టి, అల్మరా పైన పెట్టాం. మొత్తం కలిపి రెండు కిలోలు కూడా ఉండవు.

ఆ రాత్రి మావాడు ల్యాప్‌టాప్ తెచ్చి చూపించాడు. కొత్త బొమ్మ, ముందస్తు బుకింగ్. ఈసారి కంపెనీ సొంత సైటులోనే, కార్డు మీదే, ఇన్‌వాయిస్‌తో. నేర్చుకున్నాడు, కాదనను. అడ్వాన్సు కూడా వాడి ట్యూషన్ డబ్బులే, ఇద్దరు చిన్న పిల్లలకు లెక్కలు చెప్తున్నాడు. బొమ్మ వచ్చేది 2027 చివర్లో అని ఉంది. పేరు రాశాడు, ఫోన్ నంబరు రాశాడు, చిరునామా గడి దగ్గర ఆగాడు.

"నాన్నా, అప్పటికి మనం ఎక్కడ ఉంటాం?"

నా అకామా ఈ నవంబరు దాకా ఉంది. రాయచోటి ఇంటి చిరునామా రాయమందామంటే, అప్పటికి వాడు అక్కడ ఉండడు. అమ్మ ఒక్కతే ఉంటుంది. ఇరవై కిలోల పెట్టె ఆమె ఎలా దించుకుంటుంది? రేపు చూద్దాం అన్నాను. ఆ పేజీ ఇంకా తెరిచే ఉంది.